కొండకు కట్టిన ముడుపు

మా సంస్థకు నిధులిచ్చే ఫౌండేషన్ వాళ్ళ దగ్గర్నుంచి మొన్న ఒక మెయిల్ వచ్చింది. నియమాలు మార్చారట. ఒక పనికని ఇచ్చిన సొమ్ములో కొంత ఇంకో పనికి వాడుకోవాలంటే ఇకమీదట ముందుగా అడగనక్కర్లేదట. వాడుకుని, ఏడాది చివర రిపోర్టులో ఒక ముక్క రాస్తే చాలట. చదవగానే నా చెయ్యి ఫోన్ మీదికి పోయింది. ఈ సంగతి పిన్నిగారి చెవిన వేసి ఆవిడ ఏమంటుందో వినాలి. నంబరు తీసి నొక్కబోతుండగా గుర్తొచ్చింది, పిన్నిగారు పోయి రెండు నెలలు దాటిందని. నొక్కి ఉంటే బాబాయిగారు ఎత్తేవాడు. పాపం, ఏం మాట్లాడుకోవాలో తెలియక ఇద్దరం చెరో పక్కా నీళ్ళు నమిలేవాళ్ళం.

ఏమనేదో నాకు తెలియకపోలేదు. "అడక్కుండా మార్చుకోమన్నాడా? అయితే వాడికి మన మీద నమ్మకమన్నా ముదిరి ఉండాల, మన సంగతి పట్టించుకోవటమన్నా మానేసుండాల. రెండిట్లో ఏదో కనుక్కోరా అబ్బాయ్" అనేది.

ఆ మెయిల్ నన్ను కుదురుగా కూర్చోనివ్వకపోవటానికి ఇంకో కారణం కూడా ఉంది. పసుపు గుడ్డలో కట్టిన ఆవిడ ముడుపు ఒకటి అప్పటికింకా నా బీరువాలోనే ఉంది. అది అక్కడికెలా వచ్చిందో, అక్కడ్నుంచి ఎటు పోయిందో చెప్పాలంటే ముందు ఆ మనిషి గురించి చెప్పాలి.

మాది కారంపూడిలో చిన్న స్వచ్ఛంద సంస్థ. మిరప కోతలకు పోయే తల్లుల పసిపిల్లల్ని పగటిపూట చూసుకోవటానికి ఒక పిల్లల పాక నడుపుతున్నాం. పాక అని పేరే గాని, నాలుగు గోడలూ పైన రేకులూ ఉన్న షెడ్డు. నేను కార్యదర్శిని. పిన్నిగారు కోశాధికారి. ఆవిడ నాకు చుట్టం కాదు. బస్టాండు దగ్గర కిరాణా కొట్టు వాళ్ళది. ఊళ్ళో సగం మందికి ఆవిడ పిన్నిగారే, వాళ్ళాయన బాబాయిగారే.

సంస్థను రిజిస్టరు చేయించేటప్పుడు కోశాధికారి కింద ఒక పేరు కావలసి వచ్చింది. వ్యాపారస్తుల ఇంటి మనిషైతే నలుగురూ నమ్ముతారని కొట్టుకెళ్ళి అడిగాను.

"కోశాధికారంటే ఏం చెయ్యాల?" అన్నది.

"ఏం లేదు పిన్నిగారూ, అప్పుడప్పుడూ సంతకం పెట్టాలి."

"దేని మీద?"

"కాగితాల మీద."

"అయితే ఆ కాగితాలు ముందు నాకు చదివి వినిపియ్యాల. వినకుండా పెట్టను. ఇష్టమైతే రాసుకో, లేకపోతే ఎదురు కొట్టోళ్ళనడుగు."

ఎదురు కొట్టువాళ్ళను అడిగి ఉంటే నా జీవితం సుఖంగా గడిచేది. రాసుకున్నాను.

అప్పట్నుంచీ ఏ ఫౌండేషన్‌కు దరఖాస్తు పెట్టాలన్నా అది ముందు ఆ కొట్టు గట్టెక్కాల్సిందే. మధ్యాహ్నం బేరాలు పలచబడే వేళకు వెళ్ళి, బెల్లం బుట్ట పక్కన స్టూలేసుకుని కూర్చుని, ఇంగ్లీషులో రాసిందాన్ని తెలుగులో చెప్పేవాణ్ణి. పైన దూలానికి పురికొస ఉండ వేలాడుతుండేది. దాని కొస లాగి చూపుడు వేలికి చుట్టుకుంటూ వినేది. నచ్చినంతసేపూ చుట్టేది. నచ్చని మాట రాగానే పుటుక్కున తెంపేది. మా సంస్థ చరిత్రలో తెగినంత పురికొస ఆ కొట్టులో పొట్లాలకు కూడా పట్టి ఉండదు.

"పల్నాడులోని పది గ్రామాల మహిళల సమగ్ర సాధికారత..." అని మొదలుపెట్టాను ఒకసారి. పుటుక్కుమంది.

"పది ఊళ్ళు ఎవరు తిరుగుతారు?"

"ముందు రాస్తే తర్వాత చూసుకోవచ్చు పిన్నిగారూ. పెద్దగా రాస్తేనే ఇస్తారు."

"ఎక్కువ రాస్తే ఎక్కువ చెయ్యాల. చేతనైంది రాయి. ఒక్క ఊరు రాయి. ఇంకా ఆ సమగ్రం అన్నావే, అది తూకానికొచ్చిద్దా?"

తూకానికి రాదని ఒప్పుకుని కొట్టేశాను. ఇంకోసారి, ఆడపిల్లల చదువుకు మాత్రమే నిధులిచ్చే ఫౌండేషన్ ఒకటి తగిలింది. పాకలో ఆడపిల్లలూ ఉన్నారు కదా, వాళ్ళు చీమ, ఈగ అని పాటలు పాడతారు కదా, అది చదువు కిందికి రాదా అని నా తెలివి. పిన్నిగారు అప్పుడు ఎవరికో పెసరపప్పు తూస్తోంది. తూకం మీంచి తలెత్తకుండానే అన్నది:

"ఈమె పెసరపప్పు అడిగింది. నేను కందిపప్పు కట్టిచ్చి, రెండూ పప్పేగా అంటే మళ్ళీ మన గడప తొక్కిద్దా? వాళ్ళకేం కావాలో ముందు చదువు. మన దగ్గర లేకపోతే లేదని లేచిరా."

పప్పు కొనుక్కునే ఆమె కూడా నా వంక అదోలా చూసింది, తన పొట్లంలో నేనేదో కలిపినట్టు.

సొంత కొట్టులో సొంత ఇంటికి పంచదార కావాలన్నా గల్లాపెట్టెలో డబ్బులేసి తీసుకునే మనిషి ఆవిడ. కొట్టు కొట్టే, ఇల్లు ఇల్లే. బాబాయిగారు మధ్యాహ్నం నాలుగు జీడిపప్పులు నోట్లో వేసుకోవాలంటే ఆవిడ లోపలికెళ్ళిందా లేదా అని చూసుకోవాల్సి వచ్చేది. "ఊరందరికీ నా కొట్టులో అరువు దొరికిద్ది, నాకే దొరకదు" అని నాతో మొరపెట్టుకునేవాడు. అలాగని పీనాసి అనటానికి లేదు. తీపంటే ప్రాణం, పెట్టటమూ తినటమూ రెండూను. సాయంత్రం సీరియల్ మొదలైతే ఎంత పెద్ద బేరమొచ్చినా లేచేది కాదు. ఆ సీరియల్లో అత్తగారు ఎవరి నగలో తాకట్టు పెట్టినప్పుడు, అడక్కుండా ఎట్టా పెట్టిద్దని రెండు రోజులు నాతో కూడా సరిగ్గా మాట్లాడలేదు.

ఇంకొకటంటే ఆవిడకు నవ్వు. మన బడుల్లో, గుళ్ళలో ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు రాయిస్తారు చూడండి, అది. "తిరిగేటప్పుడేమో పేరు కనపడదు. పేరు కనపడాలంటే ఫ్యాను ఆగాల. అంటే ఆ మహానుభావుడి పేరు చదవాలంటే మనం చెమటలు కక్కాల్సిందేగా" అనేది. సంస్థ కాగితాల్లో తప్ప ఎక్కడా తన పేరు పడనిచ్చేది కాదు.

ఆవిడ సిద్ధాంతమంతా ఒక్క ముడుపులో ఉంది. తిరపతికని ముడుపు కడతాం. ఇంట్లో ఉప్పు నిండుకుంటే ఆ ముడి విప్పుతామా? కోటప్పకొండకు కట్టింది తీసుకెళ్ళి ఇంకో హుండీలో వేస్తామా? ఫౌండేషన్ సొమ్మూ అంతే. ఏ పేరున కట్టారో ఆ పనికే విప్పాలి. నేనొకసారి వాదించాను, ఇంట్లో పసిబిడ్డకు జ్వరమొచ్చి చేతిలో పైసా లేకపోతే అప్పుడూ విప్పరా అని.

"విప్పొచ్చు. దీపం ముందు నిలబడి, స్వామీ, ఇట్టా వచ్చి పడింది, దీనికి వాడుకుంటున్నా అని చెప్పుకుని విప్పాల. చెప్పి మార్చుకోవటం వేరు, మార్చుకున్నాక చెప్పటం వేరు."

వినటానికి బాగానే ఉంది. ఆ మాట నా పీకకు చుట్టుకున్నది తుపాను వచ్చిన ఏడు.

కొన్నేళ్ళ కిందటి మాట. డిసెంబరులో తుపాను గాలికి పాక రేకులు లేచిపోయాయి. రెండు రేకులు చెరువు దగ్గర దొరికాయి, మిగతావి ఎవరి గొడ్ల చావిడి మీదికి చేరాయో మాకు ఈనాటికీ తెలియదు. ఇంకో పది పన్నెండు రోజుల్లో కోతలు. పాక లేకపోతే తల్లులు ఏం చేస్తారు? చంటివాళ్ళను చేను గట్టున వేపచెట్టుకు ఉయ్యాల కట్టి పడుకోబెడతారు. నడిచేవాళ్ళను కాయల కుప్ప పక్కన వదులుతారు. మిరపకాయలు ముట్టిన చేతులే కళ్ళలో పెట్టుకుని పిల్లలు ఏడుస్తుంటే, తల్లి వచ్చి తుడుద్దామన్నా ఆమె చేతులూ ఘాటే. మందు కొట్టిన డబ్బాలు గట్టునే ఉంటాయి. ఇదంతా చూసే మేం పాక పెట్టింది.

అప్పుడు మా బ్యాంకులో ఫౌండేషన్ సొమ్ము ఉంది. కాకపోతే అది పాకలో పనిచేసే ఆయాలకు శిక్షణ ఇప్పించటానికని ఇచ్చింది. నేను పరిగెత్తుకుంటూ కొట్టుకెళ్ళాను.

"శిక్షణ వేసవిలో పెట్టుకుందాం పిన్నిగారూ. ఆ సొమ్ముతో రేకులు వేయిద్దాం. తర్వాత ఎక్కడ్నుంచన్నా తెచ్చి సర్దేస్తాం."

వేలికి పురికొస చుట్టటం కూడా మొదలుపెట్టలేదు. "కుదరదు" అన్నది.

"పిల్లలు ఎండలో పడతారు."

"తెలుసు."

"కావాలంటే మీరే వచ్చి ఆ చేల గట్టున చూడండి."

"నేను చూడందేం ఉందిరా? నువ్వు పుట్టకముందునించీ ఈ కోతలు చూస్తన్నా. సంతకం మాత్రం పెట్టను. ముందు వాళ్ళకు రాయి. ఇట్టా గాలొచ్చింది, ఇట్టా రేకులు పోయినయ్యి, ఆ సొమ్ము వీటికి వాడుకోమంటారా అని అడుగు."

"వాళ్ళ కమిటీ కూర్చుని తేల్చేసరికి కోతలు అయిపోతాయి."

"అయితే ఇప్పుడే రాయి, కబుర్లు చెప్పక."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే స్టూలు మీద కూర్చుని ఫోన్‌లో మెయిల్ కొట్టటం మొదలుపెట్టాను. ఆవిడ లోపలికెళ్ళి పసుపు నీళ్ళలో ముంచిన గుడ్డ ముక్క ఒకటి పట్టుకొచ్చింది. గల్లాలోది కాదు, తన చీర కొంగున ఉన్న సొంత డబ్బు తీసి అందులో పెట్టి ముడి వేసింది.

"కోతలు అయ్యేలోపు పిల్లల నెత్తిన నీడ పడితే మెట్లదారిన కొండకొస్తా" అని కోటప్పకొండ వైపు తిరిగి దణ్ణం పెట్టుకుని, నా వంక చూసింది. "నువ్వు వాళ్ళకు రాయి. నేను ఈయనకు కట్టా. ఎవరు ముందు పలుకుతారో చూద్దాం."

ఇద్దరూ వెంటనే పలకలేదు. కోతలు మొదలయ్యాయి. పిన్నిగారు కొట్టు వెనక గోడౌన్ ఖాళీ చేయించింది. ఖాళీ అంటే బియ్యం బస్తాలు ఒక గోడకు జరిపించి, మిగతా జాగాలో పిల్లల్ని కూర్చోబెట్టించింది. పాకలో ఆయాగా పనిచేసే సైదమ్మ అక్కడికే వచ్చి చూసుకునేది. ధనియాల బస్తాల మధ్య పడుకున్న పిల్లలు ఇంటికెళితే పులుసు వాసన కొడుతున్నారని తల్లులు నవ్వేవాళ్ళు. బాబాయిగారి జీడిపప్పులకు మాత్రం బొత్తిగా మరుగు లేకుండా పోయింది. అవి నోట్లో వేసుకునేసరికి పక్కన ఎవడో ఒకడు నోరు తెరుచుకుని నిలబడి ఉండేవాడు.

కాని గోడౌన్ ఎన్నాళ్ళని? ఇరుకు, ఉక్క, పైగా కొత్త సరుకు వస్తే దించటానికి చోటు లేదు. అందులో పట్టింది సగం మంది పిల్లలే. మిగతా సగం చేను గట్టునే ఉన్నారు.

అప్పుడు ఫౌండేషన్ నుంచి ఒకతను స్వయంగా చూడటానికి వస్తున్నానన్నాడు. హైదరాబాదు కుర్రాడు, మంచివాడే. అతను మాచర్ల బస్సు దిగగానే ముందు కొట్టు దగ్గరికి తీసుకొచ్చి, అక్కడ్నుంచి పిన్నిగారూ నేనూ ఆటోలో పాక దగ్గరికి తీసుకెళ్ళాం. మొండిగోడలు చూపిద్దామని మా ఉద్దేశం. వెళ్ళి చూద్దుం కదా, గోడల మీద టెంట్‌హౌస్ వాళ్ళ షామియానా, ఎర్రదీ పచ్చదీ, పెళ్ళివారి విడిదిలా. కింద చాపల మీద పాక నిండా పిల్లలు, పౌడర్లు, కాటుకలు, నూనె కారుతున్న తలలు. మధ్యలో సైదమ్మ పూలదండ పట్టుకుని నిలబడి ఉంది. ఇంటికొచ్చిన మనిషికి లేమి చూపిస్తే మనకే నామోషీ అని, నాకు చెప్పకుండా ఊరంతా కలిసి చేసిన ఏర్పాటు అది. పెళ్ళిచూపులకు పక్కింటి గొలుసు పెట్టుకోవటం మనకు కొత్త కాదు కదా.

పిన్నిగారు కళ్ళజోడు సర్దుకుని ముందు వరసలో ఒకణ్ణి చూసింది.

"ఒరేయ్, నువ్వు మన పిల్లోడివి కాదే. ఏ ఊరు?"

"నాదెండ్ల" అన్నాడు వాడు. "అమ్మమ్మ ఇంటికొచ్చా."

నేను ఆకాశం వంక చూశాను. షామియానా అడ్డమొచ్చింది. పిన్నిగారు అతని వైపు తిరిగింది.

"బాబూ, వీళ్ళల్లో మా పిల్లలు సగమే. మిగతావాళ్ళు చుట్టాలు. నువ్వు రాసుకునేటప్పుడు చుట్టాల్ని తీసెయ్. ఈ గుడ్డ కూడా మాది కాదు, పొద్దుగూకేసరికి తిరిగిచ్చెయ్యాల. దీని కింద మొండిగోడలే."

సైదమ్మకు పొడుచుకొచ్చింది. "ఇంటికొచ్చినాయనకు చిరిగిన చాప ఏస్తామా పిన్నిగారూ?"

"వెయ్యి. చిరిగిందని చెప్పి వెయ్యి."

అతను దండ మెడలో వేయించుకోకుండా చేత్తో పట్టుకున్నాడు. నవ్వాలో వద్దో తేల్చుకోలేకపోయాడు. చివరికి నవ్వి, షామియానా అంచు ఎత్తి గోడలు ఫొటో తీసుకున్నాడు. మధ్యాహ్నం పిన్నిగారింట్లోనే భోజనం. ఫౌండేషన్ వాళ్ళు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదని వాళ్ళ నియమమట, అతను మొహమాటపడ్డాడు. "ఇది సంస్థ అన్నం కాదు బాబూ, మా ఇంటి ముద్ద. ఆకలేసినోడికి పెట్టటానికి ఏ కమిటీ అక్కర్లేదు. తిను" అని గోంగూర పచ్చడిలో నూనె పోసింది. నేను కూడా చెయ్యి కడుక్కుని కూర్చున్నాను. సంస్థ వాళ్ళు ఊళ్ళోవాళ్ళేగా, ఇంటికెళ్ళి తినొచ్చుగా అని నాకో చురక వేసి, నాకూ వడ్డించింది.

వారం తిరగకుండా జవాబు వచ్చింది. కుదరదన్నారు. శిక్షణ సొమ్ము శిక్షణకే, కట్టడాలకూ మరమ్మతులకూ ఇవ్వటం మా పద్ధతుల్లో లేదు, మన్నించండి అని. నేను ఆ మెయిల్ చదివి వినిపించి, ఇప్పుడేమంటారు అన్నట్టు చూశాను. లోపల ఏడుపొచ్చేంత కోపంగా ఉంది. అడక్కుండా వాడి ఉంటే ఎప్పుడో రేకులు పడి ఉండేవి.

ఆవిడ మొహాన కోపం గాని, చిన్నబోవటం గాని లేవు. "అడిగాం. కాదన్నాడు. ఇంక అటు చూసే పన్లేదు. పద" అని చెప్పులేసుకుంది.

ఆ పోవటం పోవటం కారంపూడి బజారంతా తిరిగింది. మిర్చి కమీషన్ వ్యాపారుల్ని అడిగింది, ఎరువుల కొట్లను అడిగింది. వెల్డింగ్ షాపు ఖాసిం భాయ్ దగ్గరికెళ్ళి, "భాయ్, నీ మనవరాలు కూడా అందులోనే పడుకునిద్ది, రేకులు బిగించటానికి కూలి అడగమాక, అదే నీ చందా" అన్నది. ఆయన గెడ్డం నిమురుకుని, సరేనమ్మా అన్నాడు. ప్రతి రసీదు మీదా 'పాక రేకుల కోసం మాత్రమే' అని రాయించింది. కోతలు ఇంకో విడత ఉండగానే రేకులు పడ్డాయి. గట్టు మీది పిల్లలంతా లోపలికి వచ్చారు. నాదెండ్ల పిల్లవాడు కూడా వచ్చాడు, వాడికి అమ్మమ్మ ఊరు నచ్చినట్టుంది.

ఇక్కడితో ఆగితే ఆవిడ పిన్నిగారు ఎందుకవుతుంది? రేకులకు పోగా చందాలో కొంత మిగిలింది. దాన్ని తీసుకుని మళ్ళీ బజారెక్కింది, ఎవరిది వాళ్ళకు తిరిగివ్వటానికి. మా ఊళ్ళో చందా ఇవ్వనివాళ్ళున్నారు, ఇస్తానని ఎగ్గొట్టినవాళ్ళున్నారు, గాని ఇచ్చిన చందా వెనక్కి తెచ్చిచ్చిన మనిషిని ఎవరూ ఎరగరు. వ్యాపారులకు అది అవమానంగా తోచింది. ఎరువుల కొట్టాయనైతే లేచి నిలబడ్డాడు. "ఏందమ్మా, మా డబ్బులు చెల్లవా?"

"చెల్లినయ్యి కాబట్టే రేకులు పడినయ్యి. మిగిలింది నీది. నువ్వు రేకులకిచ్చావు, ఇంక రేకులు అక్కర్లేదు."

"దేనికో దానికి వాడుకోండి."

"దేనికో దానికంటే కుదరదు. దేనికో చెప్పు."

ఆయన మళ్ళీ కూర్చుని, పిల్లలకు అన్నం గిన్నెలు కొనమన్నాడు. రసీదు మీద అది రాయించుకుని గాని కదల్లేదు. ఆ తర్వాత చాలా రోజులు బజార్లో పిన్నిగారు ఎదురొస్తే వ్యాపారులు జేబులు తడుముకునేవాళ్ళు, ఏమన్నా తిరిగిస్తుందేమోనని.

ఫౌండేషన్ వాళ్ళ శిక్షణ ఆ వేసవిలోనే ఆ రేకుల కిందే జరిగింది. మరుసటేడు వాళ్ళు మళ్ళీ నిధులిచ్చారు. ఎందుకిచ్చారో నాకు తెలియదు. చుట్టాల్ని లెక్కలోంచి తీసేసినందుకని నేననుకుంటాను. పిన్నిగారు మాత్రం ఆ మాట ఒప్పుకునేది కాదు.

పలికింది స్వామే కాబట్టి కొండకు ఆవిడ బాకీ పడ్డది. వెళ్దామనే అనుకుంది. మోకాళ్ళు పట్టేశాయి. మెట్లదారిన ఎక్కుతానని మొక్కాను, ఆటోలో పైకెళ్తే మొక్కు చెల్లదు అనేది. ఇవాళ రేపు అంటుండగా ఏళ్ళు గడిచి, మోకాళ్ళకు గుండె కూడా తోడైంది.

నరసరావుపేట ఆస్పత్రిలో ఉందంటే చూడటానికెళ్ళాను. మనిషి బాగా తగ్గిపోయింది. మంచం పక్కన బాబాయిగారు బత్తాయి వలుస్తూ కూర్చున్నాడు. నన్ను చూడగానే, "రిపోర్టు పంపావా?" అన్నది. పంపానన్నాను. దిండు కింద నుంచి పసుపు మూట తీసి నా చేతిలో పెట్టింది.

"ఇంక నేను కొండెక్కలేనురా. పాకలో రేకులు పడ్డాయే గాని, మార్చి వచ్చేసరికి పిల్లలు ఉడికిపోతన్నారు. దీంతో ఒక ఫ్యాను పెట్టించనా అని స్వామిని అడిగా."

"ఏమన్నాడు?"

"ఇంకా ఏమన్లా."

"ఆయనేమంటాడు పిన్నిగారూ, పసిపిల్లలకేగా."

"పసిపిల్లలకేగా అంటే ఆ ఫౌండేషనాయన ఒప్పుకున్నాడా?"

ఆవిడ ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నది:

"జవాబు కల్లోనన్నా వచ్చిద్ది, ఎవరి నోటెంటన్నా వచ్చిద్ది. నాకు రాకపోతే నీకన్నా వచ్చిద్ది. కొన్నాళ్ళు చూడు. రాకపోతే కొండకే చేర్చు. అప్పటిదాకా విప్పమాక."

ఆవిడకు రాలేదు. ఆ వారంలోనే పోయింది. ముడుపు తెచ్చి బీరువాలో పెట్టి నేనూ ఎదురుచూశాను. దేవుళ్ళు కల్లోకి వచ్చే రకం కాదు నేను. ఒకసారి పిన్నిగారే వచ్చి, స్టేషనరీ బిల్లు ఏదని అడిగి వెళ్ళింది.

అదుగో, అలా ఉండగా మొన్న ఆ మెయిల్. మార్చుకోవచ్చు, అడగనక్కర్లేదు. ఎవరి నోటి వెంటన్నా వస్తుందన్నది కదా, ఇదేనేమో అనిపించింది. ఇంకో పదిహేను రోజుల్లో మార్చి. రేకుల కింద పిల్లలు అప్పుడే చెమటలు కక్కుతున్నారు. నిజం చెప్పాలంటే నాకు అది జవాబు కావాలని ఉంది. కొట్టుకెళ్ళి బాబాయిగారికి ఫోన్‌లో మెయిల్ చూపించాను. ఇప్పుడు కొట్టులో ఆయనకు అడ్డు చెప్పేవాళ్ళు లేరు, గాని జీడిపప్పు డబ్బా మూత తియ్యటం నేను చూడలేదు.

"ఇదే జవాబేమో బాబాయిగారూ."

ఆయన పైనున్న పురికొస లాగి వేలికి చుట్టుకోవటం మొదలుపెట్టాడు. చుట్టి చుట్టి, తెంపాడు.

"మీ పిన్ని అడిగింది ఒకళ్ళని. ఇప్పుడు జవాబిచ్చింది ఇంకొకళ్ళు" అన్నాడు. "ఉంటే ఊరుకునిద్దా?"

ఊరుకోదు. ఇద్దరికీ తెలుసు. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను బెల్లం బుట్ట వంక చూస్తూ కూర్చున్నాను.

నిన్న పొద్దున్నే కోటప్పకొండ వెళ్ళాను. మెట్లదారినే ఎక్కాను, ఆవిడ మొక్కు అదే కదా. దర్శనమయ్యాక హుండీ దగ్గర మూట చేత్తో పట్టుకుని నిలబడ్డాను. స్వామీ, ఒకావిడ నిన్నొక మాట అడిగింది, నువ్వు జవాబివ్వలేదు, ఇప్పుడన్నా చెప్పు అని మనసులో అనుకున్నాను. వెనకనించి వరస తోసుకొస్తోంది. "వేస్తారా జరుగుతారా" అన్నాడు హుండీ పక్కన నిలబడ్డ అతను. వేశాను. మూట లోపల పడిన చప్పుడు వినగానే ఏడుపొచ్చింది. ఆవిడ పోయిన రోజు కూడా అంత రాలేదు.

దిగి నరసరావుపేట వచ్చి, కారంపూడి బస్సెక్కకుండా ఒక ఫ్యాన్ల కొట్టుకెళ్ళాను. నా జేబులో డబ్బుతోనే ఫ్యాను కొన్నాను. పాకకని చెబితే, దాతల పేర్లు రాసే పెయింటరు పక్కనే ఉన్నాడంటూ, రెక్కల మీద ఎవరి పేరు రాయించమంటారని అడిగాడు కొట్టాయన.

ఆవిడ పేరు రాయిద్దామంటే సొమ్ము ఆవిడది కాదు. ఆవిడది కొండకు చేరింది. నా పేరు రాయిద్దామంటే ఆ ఆలోచన నాది కాదు. ఏమీ వద్దన్నాను.

ఇవాళ ఖాసిం భాయ్ వచ్చి ఫ్యాను బిగించాడు. సైదమ్మ స్విచ్ వేసింది. పిల్లలంతా వెల్లకిలా పడుకుని పైకి చూస్తున్నారు. మధ్యలో కరెంటు పోయి ఫ్యాను ఆగితే, రెక్కల మీద ఏం రాసుందోనని సైదమ్మ తలెత్తి వెతికింది.

"పేరేది బాబూ?" అన్నది.

ఇంతలో కరెంటు వచ్చింది. గాలి బాగానే వస్తోంది.